ఎడమ వంపు

పదివేల మీటర్ల పరుగుకు ఛాంపియన్‌షిప్ జట్టులో ముగ్గురికి చోటుంటుంది. ఎంపిక పోటీలో మా మనవరాలు మూడవ స్థానంలో వచ్చింది. నాలుగవ స్థానంలో వచ్చిన అమ్మాయి రిజర్వు. ఈ మూడు వాక్యాలలో ఎక్కడా వివాదానికి తావు లేదు. వివాదం ఆ తరువాత, మనవరాలి ఎడమ మోకాలి కింది ఎముకలో మొదలైంది.

ఎముకల డాక్టరు ఫిల్మును వెలుగుకు ఎత్తిపట్టి, నాకేమీ కనిపించని ఒకచోట పెన్ను మొన పెట్టాడు. "వెంట్రుకవాసి చీలిక. దాని మానాన దాన్ని వదిలేస్తే మానుతుంది. తొందరపెడితే విరుగుతుంది," అన్నాడు. మనవరాలు తొందరపెట్టడం అంటే ఎంత వేగమో చెప్పమని ఆయనను అడిగింది. ఆయన ఫిల్మును కవరులో పెట్టేసి నా వంక చూశాడు.

ఎంపిక కమిటీ కార్యదర్శి పద్ధతిగానే వ్యవహరించాడు. ఛాంపియన్‌షిప్‌కు రెండు వారాల ముందు ఫిట్‌నెస్ ట్రయల్ పెడతామన్నాడు. ఐదువేల మీటర్లు, నిర్ణయించిన సమయంలో, కమిటీ ఎదుట పరుగెత్తాలి. నెగ్గితే చోటు మా మనవరాలిదే. తప్పితే రిజర్వు వెళుతుంది. ఆ సాయంత్రం ఆరు గంటలకు జట్టు పేర్లు ఖరారవుతాయి. ఆ తరువాత ఎవరు కుంటుపడినా వారి బదులు మరొకరిని చేర్చడానికి వీలులేదు. ఆ చోటు ఖాళీగా పోవలసిందే.

నేను ఉద్యోగరీత్యా చట్టాల ముసాయిదాలు రాసినవాణ్ణి. సెలవు దినాలలో, ఆసక్తి కొద్దీ, పరుగు పోటీలకు రిఫరీగా ఉన్నవాణ్ణి. రెండు చోట్లా నేర్చుకున్నది ఒక్కటే: విలువ రాసినదానికి, అనుకున్నదానికి కాదు. కనుక ఇంట్లో నా అభిప్రాయం దాచుకోలేదు.

"చోటు ఒకరి దయ వల్ల రాలేదు. దయతలచి వదులుకోవలసిన పనీ లేదు. గాయమైంది కదా అని ముందుగానే అప్పగించడమంటే పోటీ ఫలితాన్ని ఇంట్లో కూర్చుని దిద్దడమే," అన్నాను.

నా భార్య కూర తరుగుతున్న కత్తిపీట మీదనుంచి తల ఎత్తలేదు. "కాలు పిల్లదీ, తీర్పు మీదీనా?" అన్నది.

"నేను సూత్రం చెబుతున్నాను."

"సూత్రం మెట్లెక్కదండీ. పిల్ల ఎక్కాలి. పొద్దున గోడ పట్టుకుని దిగింది, చూశారా?"

మనవరాలు మంచుగడ్డల సంచీ కాలికి కట్టుకుని బల్లకు అవతలివైపు కూర్చుని ఉన్నది. తల్లిదండ్రులిద్దరివీ బదిలీల ఉద్యోగాలు కావడంతో బడి చదువు నాటినుంచీ మా దగ్గరే పెరిగింది. పౌరుషం నాది, నోరు వాళ్ల అమ్మమ్మది. "నేనిక్కడే ఉన్నాను. నా కాలు కూడా ఇక్కడే ఉంది. కావాలంటే దాన్నే అడగండి," అన్నది.

రిజర్వు అమ్మాయి గురించి చెప్పాలి. మైదానంలో అందరూ ఆమెను గడియారం అంటారు. మొదటి రౌండు ఎంత సమయంలో పరుగెత్తితే ఆఖరి రౌండూ అంతే సమయంలో పరుగెత్తుతుంది. మెరుపులూ ఉండవు, చతికిలబడడాలూ ఉండవు. మా మనవరాలూ ఆమే ఒకే కోచ్ దగ్గర, ఒకే గుంపులో పెరిగారు. ఆసుపత్రి లాండ్రీలో సాయంత్రపు షిఫ్టు ఉద్యోగం ఆమెది. షిఫ్టుకు ముందు మా ఇంట్లోనే తిని వెళుతుంది. గాయం సంగతి తెలిసిన రోజునుంచి రావడం మానేసింది. నా భార్య వారం ఓపికపట్టి ఫోన్ చేసింది.

"ఏమ్మా, మా గుమ్మం ఎత్తు పెరిగిందా? దాటలేకపోతున్నావు?"

ఆ మధ్యాహ్నమే వచ్చింది. కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ ఉండిపోయింది. చివరికి మా మనవరాలే అన్నది: "ఏమే, నా కాలు విరగాలని మొక్కుకుంటున్నావా?"

"లేదు."

"మానాలని?"

గడియారం కాస్త ఆలోచించింది. "అదీ లేదు," అన్నది.

"దొంగమొహమా!" అని మనవరాలు పకపకా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. అంతటితో గుమ్మం మామూలు ఎత్తుకు వచ్చింది.

కోచ్ మాత్రం ఇరకాటంలో పడ్డాడు. "సార్, నాకు ఇద్దరూ రెండు కళ్లు. ఏ కన్ను మూసుకోమంటారు?" అని మా వరండాలో కూర్చుని వాపోయాడు.

"ఏదీ మూసుకోవద్దు నాయనా. రెండూ తెరిచి దాని కాలు చూడు, చాలు," అన్నది నా భార్య.

మనవరాలు కొన్ని వారాలు నీళ్లలో పరుగెత్తింది. నడుముకు పట్టీ కట్టుకుని ఈతకొలనులో ఒకేచోట కాళ్లాడిస్తూ గంటలు గడిపింది. తరువాత డాక్టరు ట్రాక్ మీద మెల్లగా మొదలుపెట్టవచ్చునన్నాడు. మెల్లగా అన్న మాటను ఆమె తనకు అనుకూలంగా అర్థం చేసుకున్నది. మొదటి రోజులలో మొహం ముడుచుకుని వచ్చేది. ఒక ఉదయం మాత్రం జుట్టు కూడా ఆరబెట్టుకోకుండా నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"తాతయ్యా, ట్రయల్ ఏ వైపు పరుగెత్తాలో ఎక్కడైనా రాసి ఉందా?"

నాకు ప్రశ్న అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ట్రాక్ మీద పరుగు పోటీ ఎప్పుడూ ఎడమ చెయ్యి లోపలివైపు ఉండేలా సాగుతుంది. ప్రతి వంపూ ఎడమకే తిరుగుతుంది. దిశను గురించి ఎవరూ ప్రశ్న వేయరు. భోజనం ఏ నోటితో చేయాలని ఎవరైనా అడుగుతారా?

"పోటీలకైతే ఉంది. ఎడమ చెయ్యి లోపలికి," అన్నాను.

"ట్రయల్ పోటీనా?"

"కాదు. పరీక్ష."

"పరీక్షకు ఏ వైపో రాశారా?"

నేను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను. ట్రయల్‌కు సంబంధించిన నియమాలు నాకు కంఠస్థమే. దూరం ఉంది, సమయం ఉంది, ట్రాక్ అని ఉంది, కమిటీ సమక్షం ఉంది. దిశ లేదు. రాసినవాళ్లు పరుగు తెలిసినవాళ్లు కాబట్టే లేదు; తెలియనివాళ్లు రాసి ఉంటే తప్పకుండా రాసేవారు.

"లేదు," అన్నాను.

"లేకపోతే?"

"నిషేధించనిది అనుమతించినట్టే."

ఆమె మంచం అంచు మీద కూర్చుని వివరంగా చెప్పింది. ఎడమకు తిరిగేటప్పుడు వంపులో లోపలి కాలి మీద మెలిక పడుతుంది. ఆ కాలే దెబ్బతిన్నది. ముందురోజు విసుగు పుట్టి ఒక రౌండు ఎదురుదిశలో పరుగెత్తి చూసింది. నొప్పి లేదు. మరొకటి పరుగెత్తింది, లేదు. "కుడికి తిరిగితే నాది పాత కాలే తాతయ్యా. ఒట్టు," అన్నది.

ఎడమకు తిరిగితే ఎలా ఉన్నదని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఇక పేసర్ సంగతి. ఆ కోచ్ గుంపులో ఒక ఆనవాయితీ ఉంది. ట్రయల్ పరుగెత్తేవారు తమకు ముందుండి వేగం నిలిపే మనిషిని తామే కోరుకుంటారు, కోరినవారు కాదనరు. మనవరాలు కోరుకున్నది గడియారాన్ని. మా భోజనాల బల్ల దగ్గరే, అందరి ఎదుటా అడిగింది.

గడియారం గ్లాసులో నీళ్లు పూర్తిగా తాగి కింద పెట్టింది. "రివర్స్‌లోనా?"

"ఆఁ."

"అయితే గాలి మనకు అలవాటైన మూల నుంచి కొట్టదు. అటువైపు ఒకసారి చూసుకోవాలి," అన్నది. ఆమె అన్నది అంతే. తిన్న కంచం కడిగి బోర్లించి షిఫ్టుకు వెళ్లిపోయింది.

నా భార్య తలుపు మూసుకునేదాకా ఆగి మనవరాలి మీద విరుచుకుపడింది. "ఊళ్లో మనుషులే కరువయ్యారా? నీ పరీక్ష తప్పితే ఆ పిల్లకు చోటొస్తుంది. ఆ పిల్లనే పట్టుకుని నన్ను గట్టెక్కించమంటావా? సిగ్గుండక్కర్లా?"

"దానంత సమంగా పరుగెత్తేవాళ్లు ఎవరున్నారు అమ్మమ్మా?"

"అది ఒప్పుకుంది చూడు, దాన్ననాలి ముందు!"

ట్రయల్ రోజు మధ్యాహ్నం ఎండ మందంగా ఉన్నది. సిమెంటు మెట్లమీద మేము తప్ప ఎవరూ లేరు. ఎరుపు వెలిసిపోయిన ట్రాక్ మీద నీళ్లు చల్లి ఉంచారు. కార్యదర్శి ఒకప్పుడు నా దగ్గర రిఫరీ పరీక్షకు చదువుకున్నవాడు. ఇప్పటికీ నన్ను చూస్తే కుర్చీలోనుంచి లేచి నిలబడతాడు. మనవరాలు కోరిక చెప్పగానే అతడు నా వైపు తిరిగాడు.

"రివర్సా? ఇదెక్కడి చోద్యం సార్?"

"చోద్యమే. నిషిద్ధం మాత్రం కాదు," అన్నాను.

"మీరన్నారని రాసుకోనా?"

"నిరభ్యంతరంగా రాసుకో."

పరుగు మొదలైంది. నేలమీద పెయింటుతో వేసిన అంకెలన్నీ వాళ్లకు తలకిందులుగా ఎదురు వస్తున్నాయి. గడియారం ముందు, మా మనవరాలు ఒక అడుగు వెనక. గాలి ఉన్న వైపు గడియారం కాస్త బయటికి జరిగి తన భుజం అడ్డుపెట్టింది. గాలి లేనిచోట లోపలికి వచ్చింది. రౌండు పూర్తయిన ప్రతిసారీ కార్యదర్శి స్టాప్‌వాచీ చూసి చదివే సమయం ఇంచుమించు ఒక్కటే. ఒక్క రౌండు కాస్త ముందుకు ఉరికినా, కాస్త వెనకపడినా చాలు, మా మనవరాలి లెక్క చెడిపోతుంది. అది అనుకోకుండా జరిగిందనే అందరూ అనుకుంటారు. అలాంటిదేమీ జరగలేదు. ఆఖరి రౌండులో గడియారం పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. మనవరాలు గీత దాటేసరికి సమయం ఇంకా కొద్దిగా మిగిలే ఉన్నది.

కోచ్ విజిల్ ఊదేశాడు, ఊదవలసిన అవసరమేమీ లేకపోయినా. కార్యదర్శి చెయ్యి కలిపాడు. "ఆరు గంటలకు పేర్లు పంపేస్తాను సార్. శుభం," అన్నాడు.

వేగంగా పరుగెత్తినవారు వెంటనే కూర్చోకూడదు. కాళ్లు చల్లబడేదాకా మెల్లగా ఒకటి రెండు రౌండ్లు తిరగాలన్నది ఆ కోచ్ నియమం. ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ బయలుదేరారు. ఏ వైపు వెళ్లాలని ఎవరూ చెప్పలేదు. చిన్నతనం నుంచీ తిరిగిన వైపే తిరిగారు, ఎడమకు.

కోచ్, కార్యదర్శి కాగితాలు సర్దుకుంటున్నారు. నేను ట్రాక్ వైపే చూస్తున్నాను. మొదటి వంపు రాగానే మనవరాలు లోపలి లేన్ వదిలింది. రెండవదానిలోకి, మూడవదానిలోకి జరిగింది. వంపు మధ్యకు వచ్చేసరికి ఆరవ లేన్‌లో ఉన్నది. సందు మలుపు తిరిగే లారీలాగా, వంపును వీలైనంత వెడల్పుగా తీసుకుని, తిన్నని దారి రాగానే లోపలికి వచ్చేసింది. ఆమెకు తెలిసి చేసినట్టు లేదు. కాలు తన దారి తాను వెతుక్కున్నది. నడకకు ఒక మెట్టు పైన ఉన్న ఆ వేగానికే అంత దూరం తప్పుకున్నది. రెండవ వంపులోనూ అదే జరిగింది.

గడియారం లోపలి లేన్ వదలలేదు, తల తిప్పలేదు. కానీ బయటి దారి పొడవు కదా. ఆ దారిలో వచ్చే మనిషి తనతో సమంగా ఉండేటట్లు, వంపు పొడవునా తన అడుగును తగ్గించుకున్నది. ఆమె చూసిందని నాకు అలా తెలిసింది.

తరువాత ఆమె బూట్లు విప్పి సంచిలో వేసుకున్నది. "షిఫ్టు టైమయింది తాతగారూ," అని నాకు చెప్పి, మనవరాలి వీపు మీద ఒక్కటి చరిచి, బస్సు కోసం వెళ్లిపోయింది.

కారు నడుపుతూ నేను అన్నాను: "వంపులో బయటికి పోయావు."

మనవరాలు కిటికీ అద్దం దించి, మళ్లీ ఎత్తింది. "చూశారా?"

"చూశాను."

"నెగ్గాను కదా తాతయ్యా. రూల్ ప్రకారమే నెగ్గాను. మీరే చెప్పారు."

"నెగ్గావు. అందులో సందేహం లేదు."

"రెండు వారాలుంది. ఈలోపు మానొచ్చు."

"మానవచ్చు."

"నా చోటది. దానికోసం ఎన్నాళ్లు పడ్డానో మీకు తెలీదూ?"

"తెలుసు."

ఎర్రదీపం దగ్గర ఆగాము. ఆమె మోకాలి కింద వేళ్లతో నొక్కి చూసుకుంటున్నది. "మీరైతే ఏం చేస్తారు?" అన్నది.

"నేనైతే ఇవ్వను. నా స్వభావం నాకు తెలుసు. అందుకే నన్ను అడగవద్దు," అన్నాను.

ఆమెకు నవ్వు వచ్చింది, కానీ సగంలోనే ఆగిపోయింది. "మరెవర్ని అడగాలి?"

"చూసింది నేనొక్కణ్ణే కాదు."

పచ్చదీపం వెలిగింది. ఆమె చేత్తో ఆసుపత్రి వైపు దారి చూపించింది.

లాండ్రీ ఆసుపత్రి భవనం అడుగు అంతస్తులో ఉన్నది. మెట్లు దిగుతుంటేనే వేడి ఆవిరి మొహానికి కొట్టింది. గోడ వెంట మనిషెత్తు యంత్రాలు దుప్పట్లను కాసేపు ఒకవైపు, కాసేపు మరొకవైపు తిప్పుతూ రొద చేస్తున్నాయి. ఆరిన దుప్పట్లు బల్లమీద గుట్టగా పడి ఉన్నాయి. గడియారం తలకు గుడ్డ కట్టుకుని ఒక్కతే మడతలు పెడుతున్నది. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. నాకొక స్టూలు జరిపి, ఒక దుప్పటి రెండు కొసలు మనవరాలి చేతిలో పెట్టింది.

"వచ్చావు కదా, పట్టుకో. ఒక్కదాన్నే చస్తున్నాను."

ఇద్దరూ దుప్పటిని లాగి బిగించారు, మధ్యకు మడిచారు, ఒకరికొకరు ఎదురు నడిచి కొసలు కలిపారు. రెండవ దుప్పటి తీశారు.

"చూశావు కదూ?" అన్నది మనవరాలు.

"దేన్ని?"

"వేషాలెయ్యకు."

"చూశాను."

"మరెందుకు చెప్పలేదే?"

"పేసర్‌గా పిలిచావు. పేసర్‌కి కాళ్లుంటాయి, నోరుండదు."

"ఇప్పుడు పేసర్‌వి కాదుగా."

"ఇప్పుడు డ్యూటీలో ఉన్నా. గట్టిగా లాగు, ముడతలు పడుతున్నాయి."

మనవరాలు గట్టిగానే లాగింది. గడియారం ఒక అడుగు ముందుకు తూలి, నిలదొక్కుకుని, అప్పుడు చెప్పింది: "ఇరవై అయిదు రౌండ్లు. రౌండుకి రెండు వంపులు. నువ్వు కబుర్లు చెప్పుకుంటూ పోయే జాగింగ్‌కే ఆరో లేన్‌లోకి పోయావు. అక్కడ ఆరో లేన్‌లో నీకెవరు దారి వదులుతారే?"

"మానొచ్చు."

"మానొచ్చు. మానితే నేనే నీ సామాను మోసుకొచ్చి బస్సెక్కిస్తాను."

"మానకపోతే?"

"మానకపోతే అది నీకూ లేదు, నాకూ లేదు. ఖాళీ."

మూడు నాలుగు దుప్పట్లు మడతలయ్యాయి. మనవరాలు అడిగింది: "నువ్వెళితే ఎన్నోదానివి వస్తావు?"

"పదో, పదకొండో."

"అంతేనా?"

"అంతే. అబద్ధం చెప్పమంటావా?"

"కాలు బాగుంటే నేను ఆరోదాన్ని వస్తాను."

"వస్తావు. నాకంటే నువ్వే గట్టిదానివి. కాదని ఎవరన్నారు?"

మనవరాలు దుప్పటి కొసలను గుండెకు ఆనించుకుని నిలబడిపోయింది. తరువాత, సభలో బహుమతి ప్రకటించే గొంతుతో అన్నది: "సరే. తీసుకో. నా చోటు నీకిచ్చేస్తున్నాను."

"వద్దు."

"వద్దా? ఏం వద్దు?"

"నువ్విస్తే వద్దు." గడియారం తన చేతిలోని కొసలు వదిలేసింది. ఆమె గొంతు పెంచడం నేను అంతకుముందు వినలేదు. "రేపు నేను చివర్న వస్తే నా చోటు తగలేసిందంటావు. ముందొస్తే నేనిచ్చాను కాబట్టే కదా అంటావు. నోటితో అనకపోయినా కళ్లతో అంటావు. జన్మంతా నీ కంచంలో తిన్నట్టుంటుంది నాకు."

"రోజూ మా ఇంట్లోనే కదే తింటున్నావు!"

"అది అమ్మమ్మగారు పెట్టేది. నువ్వు పెట్టేది కాదు."

నాకు నవ్వు ఆగలేదు. ఇద్దరూ ఒకేసారి నా వైపు కోపంగా చూశారు. నేను స్టూలు మీద సర్దుకుని కూర్చున్నాను.

"రూల్ ప్రకారం వస్తే వెళ్తాను. నువ్వు దానం చేస్తే వెళ్లను. ఇక జరుగు, చాలా పనుంది," అని గడియారం దుప్పటిని నేలమీదనుంచి తీసి, ఉతకవలసిన బుట్టలో మళ్లీ వేసింది.

మనవరాలు మెట్లమీద నిలబడి కార్యదర్శికి ఫోన్ చేసింది. తప్పుకుంటున్నానని, రిజర్వును పంపమని చెప్పింది. అతని సమాధానం నాకు కూడా వినిపించింది. ట్రయల్ నెగ్గినవారు తమంతట తాము తప్పుకుంటే వారి చోటు రద్దవుతుంది, రిజర్వుకు రాదు. గాయం కారణంగా తప్పిస్తేనే రిజర్వు వస్తుంది. "ఇప్పుడే పరుగెత్తి నెగ్గిన పిల్లకు గాయముందని నేనెలా రాయనమ్మా?" అన్నాడు.

ఆ నియమం నాకు తెలుసు. బలవంతపు త్యాగాలను అరికట్టడానికి పెట్టినది. చక్కగా కుదిరిన వాక్యం; ఆ క్షణం వరకు నేను దానిని మెచ్చుకుంటూనే ఉన్నాను.

మనవరాలు ఫోన్ నా చేతికిచ్చింది. ఏమి చెప్పమని ఆమె అనలేదు.

"ఈ రోజు ట్రయల్ ఆ దిశలో జరగడానికి నేనిచ్చిన అభిప్రాయం ఆధారం కదా," అన్నాను.

"అవును సార్. రాసుకున్నాను కూడా."

"ఆ అభిప్రాయాన్ని ఉపసంహరించుకుంటున్నాను."

"అంటే కొట్టేయమంటారా?"

"కొట్టేయి."

"కొట్టేస్తే ట్రయల్ జరగనట్టే సార్. మళ్లీ పెట్టాలి. ఆరులోపు."

"వస్తున్నాము," అన్నాను.

ఒకసారి ఇచ్చిన తీర్పును మార్చుకోవడం నాకు అదే ప్రథమం. అది అతనికి పెద్ద విషయంగా తోచినట్టు లేదు. వచ్చేటప్పుడు మంచి పెన్ను ఉంటే తెమ్మన్నాడు. అతనిది రాయడం లేదట.

మేము మైదానం చేరేసరికి ఎండ మెట్లమీదనుంచి దిగిపోయింది. కార్యదర్శి కబురు పెడితే కోచ్ కూడా వెనక్కి వచ్చాడు. అతనికి ఏమీ అర్థం కాక మనవరాలిని ప్రశ్నలతో వేధిస్తున్నాడు. ఆమె మోకాళ్లు వంచి బూట్ల తాళ్లు బిగించుకుంటూ, "పేసర్ అక్కర్లేదు," అన్నది.

"ఏ వైపు సార్?" అన్నాడు కార్యదర్శి.

"ఎడమ చెయ్యి లోపలికి," అన్నాను.

పరుగు మొదలుపెట్టింది. మధ్యాహ్నపు వేగమే. మొదటి వంపు లోపలి గీతను అంటిపెట్టుకుని తిరిగింది, ఒక్క అంగుళం బయటికి పోలేదు. రెండవ వంపు కూడా అలాగే తిరిగింది. నిజం చెప్పాలంటే, నాలో ఆశ లేచింది. మానిపోయిందేమో, కాలు మధ్యాహ్నం ఊరికే బెదిరిందేమో అనుకున్నాను. ఆమె కూడా అదే అనుకున్నదని తరువాత చెప్పింది. మూడవ వంపులో మధ్యదాకా వెళ్లి, పక్కకు జరగకుండా, ఉన్నచోటనే ఆగిపోయింది. నడుము మీద చేతులు పెట్టుకుని కాసేపు ముందున్న ట్రాక్ వంక చూసింది. తరువాత ఎడమ కాలు నేలకు పూర్తిగా ఆనించకుండా గడ్డి మీదుగా నడిచి మా దగ్గరికి వచ్చింది.

"అయిపోయిందండీ. రాసుకోండి," అన్నది కార్యదర్శితో.

"ఏమని రాయనమ్మా? తప్పుకున్నావనా?"

"కాదు. తప్పానని రాయండి."

కోచ్ గొంతు తగ్గించి అడిగాడు: "నిజం చెప్పు. కావాలని ఆగావా?"

"కావాలని ఆగేదాన్నయితే మొదటి వంపులోనే ఆగేదాన్ని కదా కోచ్ గారూ. మూడోదాకా ఎందుకు పోతాను?" అన్నది. కోచ్ వంగి ఆమె బూటు తానే విప్పాడు.

కార్యదర్శి నా పెన్నుతో రాసుకుని, లాండ్రీకి ఫోన్ చేసి విషయం చెప్పాడు. గడియారం "సరే" అన్నదట. ఎన్ని వంపులు తిరిగిందని అడిగిందట. అతడు చెప్పాడట. "సరే," అని మళ్లీ అన్నదట.

ఇంటికి వచ్చాక నా భార్య కాలు చూసి, నన్ను చూసి, ఎవరినీ ఏమీ అనకుండా మంచుగడ్డల సంచీ తెచ్చి కట్టింది. ఆ మౌనం నాకు చెందినదేనని నేను గ్రహించాను.

డాక్టరు మళ్లీ ఫిల్ము తీశాడు. చీలిక పెరగలేదు, మానలేదు. ఈసారి కాలికి పట్టీ వేసి చేతికి ఊతకర్ర ఇచ్చాడు. ఆ రెండు వారాలూ మనవరాలు ఆ కర్రతోనే మైదానానికి వెళ్లి, వంపు దగ్గర కుర్చీ వేసుకుని, స్టాప్‌వాచీ పట్టుకుని గడియారాన్ని తిడుతూ కూర్చున్నది. "చెయ్యి దించవే! భుజం అంత బిగపడితే గాలి ఎలా పీలుస్తావు?" అన్న అరుపు మెట్లదాకా వినిపించేది.

పోటీని మేము ఇంట్లో టీవీలో చూశాము. ముందున్నవాళ్లు ముందే ఉన్నారు. గడియారం తన వేగం తాను పట్టుకుని, రౌండు తరువాత రౌండు, ఎవరినీ పట్టించుకోకుండా తిరిగింది. పక్కవాళ్లు అలిసి వెనకబడుతున్నకొద్దీ ఆమె స్థానం మెల్లగా మెరుగుపడింది. ఆఖరికి పదకొండవదిగా గీత దాటింది.

"పదకొండు," అన్నది మనవరాలు. "చెప్పినట్టే వచ్చింది, దిక్కుమాలింది."

"నువ్వయితే?" అన్నాను.

"ఆరు."

"నువ్వయితే అంబులెన్సు," అన్నది నా భార్య.

మనవరాలు టీవీ కట్టేసి, కర్ర అందుకుని, టక్కు టక్కుమంటూ వంటింటి గుమ్మం దాకా వెళ్లింది. "అమ్మమ్మా, అది గురువారం వస్తుంది. భోజనం ఇక్కడే."

"నువ్వే పెట్టరాదూ, ఈ ఒక్కసారికీ?"

"నువ్వే పెట్టు," అన్నది మనవరాలు. "నేను పెడితే తినదు."